సన్నబడనీకి కాదు

జగిత్యాలలో వ్యాయామ విద్య కోర్సులో చేరేనాటికి మా బ్యాచిలో అందరికంటే లావుగా ఉన్నదాన్ని నేనే. ఆ సీటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ప్రవేశ పరీక్షలో ఇనుప గుండు అమ్మాయిలందరికన్నా దూరం విసిరాను. పరుగు కూడా పూర్తి చేశాను, చివరి నుంచి రెండోదాన్నిగా. కోరుట్లలో బీడీలు చుట్టే మా అమ్మ ఆ సంగతి వాడకట్టంతా చెప్పుకుంది.

తోటివాళ్లకు మాత్రం నేను దారితప్పి గ్రౌండుకొచ్చిన మనిషిని. వాళ్లేమీ చెడ్డవాళ్లు కాదు, టిఫిన్ డబ్బా పంచుకు తినేవాళ్లే. కానీ లావంటే బద్ధకమనీ, తిండి మీద అదుపు లేకపోవడమనీ వాళ్లకు ఎంత గట్టి నమ్మకమంటే, అది నమ్మకమన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు. స్థూలకాయం పాఠం చెప్పిన రోజు మా సారు నన్ను లేచి నిలబడమన్నారు. కొవ్వు ఎక్కడెక్కడ చేరుతుందో దూరం నుంచే కర్రతో చూపించారు. అందరూ రాసుకున్నారు. కూర్చున్నాక నేనూ రాసుకున్నాను, పరీక్షలో వస్తుందని.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. వారంలో సగం బందులే. ఊరి మధ్య వేసిన దీక్షా శిబిరంలో రోజుకొక బృందం నిరాహారంగా కూర్చునేది. మా కాలేజీ వంతు వచ్చింది. ఎవరెవరు కూర్చోవాలో మాట్లాడుకుంటుంటే, మా బ్యాచిలో బాగా పరుగెత్తే ఒకతను నా వైపు చూపించాడు.

"గామెను కూసోబెట్టుండ్రి. అటు తెలంగాణ అస్తది, ఇటు గామె సన్నబడతది."

అందరూ నవ్వారు. అలాంటి మాటలకు అప్పటిదాకా నేనే ముందు నవ్వేదాన్ని. ముందే నవ్వేస్తే కొంచెం తక్కువ గుచ్చుకుంటుంది. ఆ రోజు నవ్వు రాలేదు. నా పేరు రాసుకోమన్నాను.

మర్నాడు మెడలో బంతిపూల దండతో టెంటు కింద కూర్చున్నాను. ఆ పరుగుల అబ్బాయి కూడా నా పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నం మైకు ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నా వంతు రాగానే మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాను.

"నేను తెలంగాణ కోసం కూసున్న. సన్నబడనీకి కాదు. గీ మాట మా కాలేజోల్లకే చెప్తున్న."

ముందున్న జనానికి సంగతి అర్థం కాలేదు గానీ చప్పట్లు కొట్టారు. పక్కనున్న అబ్బాయి తల వంచుకుని తన దండలోని పూరేకులు తుంపుతూ ఉండిపోయాడు.

ఆ తర్వాత బడిలో పాఠాలు చెప్పే శిక్షణ వచ్చింది. చిన్నమ్మ ఇల్లు ఉందని నేను సిరిసిల్ల అడిగాను. సాంచాలు నడిపే కార్మికుల పిల్లలు చదివే బడి అది. పక్క వీధిలో ఆ మరమగ్గాలు ఆడుతుంటే మా విజిల్ కూడా సరిగా వినిపించేది కాదు. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి బాగా లావు. ఆటల పీరియడులో ఆమెకు ఎప్పుడూ ఒకటే పని, మిగతా పిల్లల చెప్పులకు కాపలా. ఎవరు పెట్టారని అడిగితే, ఎవరూ పెట్టలేదని, తనే కూర్చుంటానని చెప్పింది. ఆ జవాబు నాకు బాగా తెలుసు.

బందుల వల్ల రెండుసార్లు వాయిదా పడి, చివరికి నా పరీక్ష పాఠం జరిగింది. బయటి నుంచి ఒక పెద్దసారు చూడటానికి వచ్చారు. చురుకైన పిల్లల్నే దించమని మా బ్యాచివాళ్లు ముందే హెచ్చరించారు. నేను ఖోఖో ఆటకు ఆ అమ్మాయిని పిలిచాను. పరుగు మొదలైన కాసేపటికే దొరికిపోయింది. రెండోసారి ఒకరిని తప్పించుకుంది. మూడోసారి జారిపడి, మోకాలు దులుపుకుని, మళ్లీ ఎప్పుడని నన్నే అడిగింది. పాఠం అనుకున్న సమయానికి ముగియలేదు.

ఆమె వల్ల ఆట వేగం పడిపోయిందని, ఎందుకు దించావని పెద్దసారు అందరి ముందే అడిగారు.

"ఆమె పేరు హాజరు పుస్తకంల ఉన్నది సార్. గ్రౌండ్ల ఎందుకు ఉండద్దు?" అన్నాను.

ఆయన కాగితం మీద రాసుకున్నారు.

వారం తర్వాత జగిత్యాలలో మా సారు గదికి పిలిచారు. ఆ పాఠానికి మార్కులు బాగా తగ్గాయని, పిల్లల ఎంపికలో పొరపాటు జరిగిందని రికార్డులో ఒక వాక్యం రాస్తే ఇంకో పాఠం చెప్పే అవకాశం ఇప్పిస్తానని మెల్లగా చెప్పారు. నా మేలు కోరే అంటున్నారని తెలుసు. రికార్డు ముందుకు జరిపి కలం కూడా ఇచ్చారు.

"పొరపాటు జరగలే సార్. మార్కులు అట్లనే ఉండనియ్యుండ్రి."

కలం ఆయన బల్ల మీదే పెట్టి బయటికొచ్చాను. ఆ మార్కులతోనే పాసయ్యాను. ఉద్యోగం రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు చందుర్తి దగ్గర ఒక బడిలో పీఈటీని. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను చూసి లెక్కల టీచరనుకుంటారు. మెడలో విజిల్ కనబడ్డాక కాస్త తికమకపడతారు. పడనివ్వండి అనుకుని గ్రౌండులోకి నడుస్తాను.