ఎనిమిదో మాస్టారూ, పుట్టని అప్పమూ

ఎనిమిదో మాస్టారు సరైన జవాబుని నమ్మేవారు కాదు. తప్పు జవాబు చెబితే ఆయన ముఖం విప్పారేది. వచ్చి బల్ల మీద మన పక్కనే చోటు చేసుకుని కూర్చునేవారు. సరైన జవాబు చెబితే మాత్రం కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చెప్పినవాళ్ళని వదిలేసి, ఆ జవాబే గాలిలో ఎక్కడో వేలాడుతున్నట్టు పైకి చూసి, "ఎలా తెలుసు?" అనేవారు.

మా కాలువ వైపు ఇళ్ళల్లో పిల్లల్ని వరస అంకెతో పిలవడం అలవాటు. నేను మూడు. మా తమ్ముడు నాలుగు. ఆయన వాళ్ళింట్లో ఎనిమిది. పెద్దయ్యాక లెక్కల మాస్టారయ్యారు కాబట్టి ఎనిమిదో మాస్టారయ్యారు. అసలు పేరు ఒకటి ఉండేదట. దాన్ని ఆయనే నమ్మేవారు కాదేమో, ఎప్పుడూ వాడగా చూడలేదు.

రెండో తరగతిలో ఒకసారి నా వంతు వచ్చింది. ఆరేడులు ఎంత అన్నారు. నలభై రెండు అన్నాను, నాకే వినిపించనంత మెల్లగా.

"ఎలా తెలుసు?"

"ఎక్కంలో ఉంది మాస్టారూ."

"ఎక్కం ఎవరు రాశారు?"

"తెలీదు మాస్టారూ."

"ఊరూ పేరూ తెలియని మనిషి మాట మీద నలభై రెండు ఒప్పేసుకున్నావా తల్లీ?"

ఆ తర్వాత నేనూ ఆయనా నేల మీద కూర్చుని లాంగన్ పండ్ల గింజలు ఆరు చొప్పున ఏడు వరసలు పేర్చాం. కుంకుడు గింజల్లా నల్లగా, నున్నగా ఉంటాయవి. లెక్కపెడితే నలభై ఒకటే వచ్చింది. మాస్టారి సంతోషం చూడాలి. ఇన్నేళ్ళకి ఎక్కం దొరికిపోయిందన్నట్టు చేతులు రుద్దుకున్నారు. చివరికి నలభై రెండో గింజ ఆయన మోకాలి కిందే దొరికింది. "సరే, ఈసారికి వదిలేద్దాం" అన్నారు, నాతో కాదు, ఎక్కంతో.

మా రాతపుస్తకాల వెనక అట్ట మీద ఎక్కాలు అచ్చు వేసి ఉండేవి. బడి తెరిచిన మొదటి వారం ఆయన ఒక్కో పుస్తకం తిరగేసి, ఒక్కో ఎక్కం వేలితో అదిమి చూసేవారు. అందరివీ ఒకే అచ్చు కదా మాస్టారూ అని ఎవరో అంటే, అచ్చు వేసేవాడు మధ్యలో కునుకు తీసి ఉండొచ్చన్నారు. అందరి పుస్తకాలూ చూసేశాక ముఖం కాస్త వాడిపోయేది. ఆ ఏడు కూడా ఎవడూ కునుకు తీయలేదు.

ఈ అనుమానం బడి గేటు దగ్గర ఆగేది కాదు. తుపాను వస్తోందని రేడియో చెబితే, ఎలా తెలుసని అడిగి, సమాధానం రాకపోయేసరికి చూసి రావడానికి రేవుకి వెళ్ళేవారు. తడిసి ముద్దై తిరిగొచ్చి, ఈమాటు రేడియో నిజమే చెప్పిందని ఒప్పుకునేవారు. రేవులో కాఫీ అమ్మే ఆవిడ ఆయన్ని దూరం నుంచి చూడగానే చిక్కటి పాల డబ్బా ఆయన కళ్ళెదుటే తెరవడానికి చేతిలో పట్టుకుని నిలబడేది.

పెళ్ళిచూపుల్లో కూడా అంతేనట. వక్కాకు పళ్ళెం మధ్యలో పెట్టుకుని పెద్దలంతా ఏదో మాట్లాడుకుంటుంటే ఈయన పెళ్ళికూతుర్ని ఏడెనిమిదులు ఎంత అని అడిగారట. ఆవిడ యాభై ఆరు అంది. ఎలా తెలుసన్నారు. "అది తెలుసుకోవాలంటే పెళ్ళి చేసుకోవాలి" అంది ఆవిడ. నలభై ఏళ్ళయింది, ఇంకా చెప్పలేదు. అందుకే కాపురం నిలబడిందని ఆవిడే అందరికీ చెప్పేది.

అలాంటి మాస్టారి తరగతికి వానాకాలం మధ్యలో న్యాన్ వచ్చింది.

న్యాన్ వాళ్ళది పడవ ఇల్లు. అనాసపళ్ళు ఎక్కడ పండితే అక్కడికి వెళ్ళి, ఎక్కడ అమ్ముడుపోతే అక్కడ ఆగేవాళ్ళు. ఆ ఏడు వాళ్ళమ్మ మొగుడితో పోట్లాడి మరీ పడవని మా రేవులో కట్టించింది, పిల్లకి చదువు రావాలని. వయసుని బట్టి న్యాన్‌ని రెండో తరగతిలో వేశారు, నా పక్కన. ఒకటో తరగతి దానికి ఏ కాలువలో జారిపోయిందో ఎవరికీ తెలీదు.

న్యాన్‌కి మాటలు బాగా వచ్చు, ఈత వచ్చు, నోటితో పడవ మోటారు చప్పుడు అచ్చంగా చేయడం వచ్చు. లెక్క మాత్రం రాదు. పెదవి కదపకుండా, కళ్ళతోనే లెక్కపెట్టేది. మూడూ నాలుగూ కలిపితే ఆరు అనేది. బల్ల మీద ఐదు గింజలుంటే ఆరు అనేది. పైకి లెక్కపెట్టమంటే నోరు బిగించేసేది. పిల్లలు నవ్వేవాళ్ళు. మాస్టారు నవ్వలేదు, తప్పు గుర్తూ పెట్టలేదు. ఆయన ఎవరికీ పెట్టేవారు కాదు. తప్పైనా ఒప్పైనా పక్కన "ఎలా?" అని రాయడమే. న్యాన్ పలక నిండా ఎలాలే.

పెద్ద టీచరమ్మ పేరు హ్వే. మంచిది, కానీ బడిని ఇస్త్రీ బట్టలా ఎక్కడా ముడత లేకుండా ఉంచాలనుకునేది. ఈ పిల్లని ఒకటో తరగతికి దించేద్దామంది.

"వద్దు టీచరమ్మా. ఇందులో ఏదో ఉంది" అన్నారు మాస్టారు.

"ఏముంది? లెక్క రాదు, అంతే."

"లెక్క రానివాళ్ళు ఒకసారి పది తప్పుతారు, ఒకసారి రెండు తప్పుతారు. ఇది ఎప్పుడూ ఒక్కటే తప్పుతుంది. కూడితే ఒకటి తగ్గుతోంది, లెక్కపెడితే ఒకటి పెరుగుతోంది. ఎవరో అక్కడ తీసి ఇక్కడ పెడుతున్నారు."

ఎవరండీ ఆ పెట్టేవాళ్ళు అని టీచరమ్మ అడిగింది. అదే చూస్తున్నానని చెప్పి ఆయన నిజంగానే చూడటం మొదలుపెట్టారు. న్యాన్ లెక్కపెడుతుంటే బల్ల కింద చూసేవారు. కిటికీ బయట చూసేవారు. నా మీద కూడా కొంచెం అనుమానం ఉండేదనుకుంటాను, పక్కన కూర్చున్నందుకు.

ఇంతలో గురువుల పండుగ వచ్చింది. ఎవరో తల్లి అరటాకుల్లో చుట్టిన జిగురుబియ్యం అప్పాలు బుట్టెడు పంపింది. లోపల పెసరపూర్ణం ఉంటుంది, ఆవిరి వాసనకే బడి సగం ఆగిపోతుంది. హ్వే టీచరమ్మ, పిల్లకి కాస్త ధైర్యం వస్తుందని కాబోలు, ఎన్నున్నాయో లెక్కపెట్టి తన గదికి తెమ్మని న్యాన్‌నే పంపింది. న్యాన్ బుట్ట తెచ్చి పదమూడు అని చెప్పింది. టీచరమ్మ పంచబోతే పన్నెండే ఉన్నాయి.

బడంతా గుప్పుమంది. మేం కిటికీకి అతుక్కుపోయి చూస్తున్నాం. ఒకడు న్యాన్ మూతి జిడ్డుగా ఉందన్నాడు. ఒకతి చెయ్యి వాసన చూసి అప్పం వాసనేనంది. మాస్టారు లోపలికి వచ్చి ఆ చెయ్యి తానూ వాసన చూసి, తర్వాత టీచరమ్మ చెయ్యి అడిగి వాసన చూసి, "మీదీ అదే వాసన" అన్నారు. దాంతో టీచరమ్మకి కోపం వచ్చింది. పక్క వీధి రేవుకి మనిషిని పంపి న్యాన్ వాళ్ళమ్మని పిలిపించింది.

"లెక్క రాకపోతే ఒకటో తరగతిలో కూర్చోబెట్టుకుంటాను. చేతివాటం ఉంటే మాత్రం బడిలో ఉంచలేను" అంది.

న్యాన్ గోడకి ఆనుకుని బుట్టనే చూస్తోంది. పిల్లకి బడిలో చోటు లేదంటే పడవ తాడు విప్పేయడమే. ఎగువన అనాస కోత మొదలైందని వాళ్ళ నాన్న రోజూ గొణుగుతున్నాడని నాకు న్యానే చెప్పింది. ఒకసారి తాడు విప్పితే ఆ పడవ మళ్ళీ మా వైపు రాదు.

మాస్టారు కుర్చీ లాక్కుని బుట్ట ముందు కూర్చున్నారు.

"దొంగ సంగతి తర్వాత చూద్దాం టీచరమ్మా. పోయిందంటున్న ఆ పదమూడో అప్పం, అది అసలు పుట్టిందా?"

"పిల్లే చెప్పిందిగా పదమూడని."

"ఈ పిల్ల లెక్క మొన్నటిదాకా మీరే నమ్మలేదు. ఇవాళ నేరం మోపడానికి మాత్రం నమ్ముతున్నారు. నాకు ఇదే అనుమానంగా ఉంది."

టీచరమ్మ ఏదో అనబోయింది. అంతలో న్యాన్ వాళ్ళమ్మ వచ్చింది. చెప్పుల్లేవు, తల మీద ఆకుల టోపీ, ఒక చేత్తో ఒకణ్ణి, ఇంకో చేత్తో ఇంకొకణ్ణి పట్టుకుంది, న్యాన్ అన్నలు. ఏం జరిగిందో వినే ముందే గోడ దగ్గరున్న న్యాన్‌ని తన వైపు లాక్కుంది. పడవ మనుషులకి గట్టు మీద అడుగుపెట్టగానే ఒక అలవాటు, పిల్లలందరూ ఉన్నారో లేదో తడిమి చూసుకోవడం. ఆవిడ ఒక్కో తల మీద చెయ్యి వేస్తూ, నోట్లో నోట్లోనే, "రెండు, మూడు, నాలుగు" అంది. ఊపిరి పీల్చుకుంది.

మాస్టారి కళ్ళజోడు నుదుటి మీదికి వెళ్ళింది.

"ఇంకోసారి అనమ్మా."

ఆవిడ బెదిరిపోయింది. మళ్ళీ తలలు ముట్టుకుంటూ చెప్పింది. రెండు, మూడు, నాలుగు. ఆయన లేచి వాళ్ళ చుట్టూ తిరిగి చూశారు. ఆవిడ వెనక ఇంకెవరైనా దాక్కున్నారా అని కూడా చూశారు. నాలుగు అంకె వచ్చింది. తలలు మూడే ఉన్నాయి.

"టీచరమ్మా, మీరు మీ ఇంట్లో ఎన్నోవారు?"

"రెండు. నేనే పెద్ద..." అంటూ హ్వే టీచరమ్మ ఆగిపోయింది.

మా వైపు పెద్దబిడ్డని ఎవరూ ఒకటి అనరు. మొదటి బిడ్డ మీద కన్నేసి ఎత్తుకుపోయేవి నీళ్ళ మీద తిరుగుతుంటాయని ముసలాళ్ళ మాట. అందుకని పెద్దవాణ్ణే రెండు అని పిలుస్తారు. అవి వచ్చి, ఒకటి ఎక్కడుందా అని వెతుక్కుంటూ దారి తప్పిపోవాలని. ప్రతి ఇంట్లో ఒక రెండు ఉన్నాడు, ఒకటి ఏ ఇంట్లోనూ లేడు. పుట్టినప్పటి నుంచీ అలాగే పిలుచుకుంటున్నాం, ఎవరికీ వింతగా తోచలేదు. పడవ మీద పుట్టిన న్యాన్‌కి ఇంట్లో పిలుపే అంకెలు, అంకెలే పిలుపు.

మాస్టారు నేల మీద గొంతుకూర్చుని బుట్టని న్యాన్ ముందుకి జరిపారు.

"నాకొక్కడికే వినపడేట్టు లెక్కపెట్టు తల్లీ. ఇంకెవరికీ చెప్పను."

న్యాన్ ఆయన చెవి దగ్గరికి వంగి మొదటి అప్పం మీద వేలు పెట్టింది. కిటికీ దగ్గర మేం కూడా ఊపిరి బిగబట్టడంతో మాకూ వినిపించింది.

"రెండు."

చివరి అప్పం దగ్గర పదమూడు వచ్చింది. ఈ లెక్కన దాని మూడులో ఉండేవి రెండే, నాలుగులో ఉండేవి మూడే, రెండూ కలిపి మళ్ళీ రెండు నుంచి లెక్కపెడితే ఆరే వస్తుంది.

"మొదటిదాన్ని ఒకటి అనకూడదా?"

"అంటే వింటారు మాస్టారూ. వచ్చి తీసుకుపోతారు. మా నాయనమ్మ చెప్పింది." ఎవరు వింటారని ఆయన అడగలేదు. న్యాన్ కిటికీలోంచి కాలువ వైపు చూసింది.

మాస్టారు అలాగే కూలబడ్డారు. మేమంతా న్యాన్ లెక్క దొరికిందని సంబరంలో ఉంటే ఆయన ముఖం మాత్రం నల్లబడింది. వేళ్ళు మడుస్తూ తన అన్నలనీ అక్కలనీ పేరుపేరునా చెప్పుకున్నారు. రెండుసార్లు చెప్పుకున్నారు.

"టీచరమ్మా, నేను మా అమ్మకి ఏడో బిడ్డని. యాభై ఏడేళ్ళుగా అందరూ నన్ను ఎనిమిది అంటున్నారు. నేను పలుకుతున్నాను. ఎలా తెలుసని ఒక్కసారీ అడగలేదు."

హ్వే టీచరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే బుట్టలోంచి ఒక అప్పం తీసి న్యాన్ చేతిలో పెట్టి, ఇదేనమ్మా ఆ పదమూడోది, ఇప్పుడు పుట్టింది, తినేయి అంది. వాళ్ళమ్మ చేతులు పట్టుకుని ఏదో మెల్లగా చెప్పింది. అది క్షమాపణే అయి ఉండాలి, ఎందుకంటే ఆవిడ పొడి కళ్ళతో వచ్చింది, తడి కళ్ళతో వెళ్ళింది. పడవ తాడు రేవులోనే ఉండిపోయింది. మాస్టారు బుట్టలో మిగిలినవి చూసి పన్నెండోది ఏమైందని అడిగారు. న్యాన్ అప్పటికే దాన్ని నములుతోంది.

నేనిప్పుడు పట్నంలో సాహిత్యం చదువుతున్నాను. కనిపించిన ప్రతి వాక్యాన్నీ అనుమానించమని మా ఆచార్యులు చెప్పినప్పుడల్లా మిగతావాళ్ళు రాసుకుంటారు, నేను కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటాను. అప్పుడే ఒకటి తట్టింది. మాస్టారు రేడియోని నమ్మలేదు, పాల డబ్బాని నమ్మలేదు, ఎక్కాన్ని నమ్మలేదు, తన పేరుని కూడా నమ్మడం మానేశారు. కానీ, పక్కన కూర్చున్న పాపానికి నన్ను తప్ప, ఆయన ఏ పిల్లనైనా అనుమానించగా నేను చూడలేదు. పిల్లకీ లెక్కకీ తగవొస్తే ఆయన ముందు లెక్కనే నిలదీసేవారు.

ఆ అప్పాల గొడవ జరిగిన మర్నాడు మాస్టారు తరగతిలో న్యాన్‌ని లేపి, ఒకటి నుంచి లెక్కపెట్టమన్నారు. అది నోరు బిగించింది.

"మీ నాయనమ్మ తెలివైంది. ఇంట్లో అలాగే పిలుచుకోండి. పడవ మీద ఒకటి అనొద్దు" అన్నారు. "బళ్ళో మాత్రం అనొచ్చు. ఇక్కడికి అవి రావు."

న్యాన్ ఆయన వంక అనుమానంగా చూసింది.

"ఎలా తెలుసు మాస్టారూ?"

ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగినట్టు మాకు గుర్తులేదు. మాస్టారి ముఖం, ఎక్కం దొరికిపోయిందనుకున్న రోజు కంటే ఎక్కువ వెలిగింది.

"హాజరు నేనే తీస్తాను కదమ్మా. అవి ఒక్కసారీ పలకలేదు."

న్యాన్ కాస్త ఆలోచించింది. బయట నిలబడి ఉంటేనో, అంది.

అది న్యాయమైన సందేహమే. మాస్టారు సుద్దముక్క పెట్టేసి, వరండాలోకి వెళ్ళి, కాలువ వైపు పైనుంచి కిందిదాకా చూసి, తలుపు వెనక కూడా చూసి వచ్చి, ఎవరూ లేరన్నారు. అప్పుడు న్యాన్ మొదటి గింజ మీద వేలు పెట్టి, "ఒకటి" అంది.

ఆ ఏడాది పొడుగునా రోజూ అంతే. హాజరు అయ్యాక న్యాన్ ఆయన్ని చూసేది. వానలో కూడా, గొడుగు వేసుకుని, మాస్టారు బయటికి వెళ్ళి చూసి వచ్చేవారు.