నరసమ్మగారి కొలకర్ర

నిన్న విజయనగరంలో ట్రాఫిక్ ఆగిపోయి, నా స్కూటీ ఓ గడ్డి లారీ వెనకాల ఇరుక్కుంది. ఎండుగడ్డి వాసన ముక్కులోకి దూరి తుమ్ములు మొదలయ్యాయి. తుమ్ముల మధ్య నవ్వు కూడా వచ్చేసింది. పక్క ఆటో ఆయన నన్ను అనుమానంగా చూశాడు. నాకు నరసమ్మగారు గుర్తొచ్చారని ఆయనకేం తెలుసు!

భర్త పోయాక సాలూరులో లారీ ఆఫీసును ఒంటిచేత్తో నడిపిన మనిషి ఆవిడ. కంప్యూటర్ సైన్సు చదివి, మొదటి ఉద్యోగానికి ఆవిడ దగ్గరే చేరాను. ఏ లారీ ఏ దారిన వెళ్లాలో చెప్పే ప్రోగ్రాము రాయాలి. నెల రోజులు చూసి, పనికొస్తే ఉంచుతానన్నారు. నేను మాత్రం ఉద్యోగం ఖాయమైపోయిందని ఇంట్లో చెప్పేశాను. మా అమ్మ వీధంతా స్వీట్లు పంచేసింది. ఇక నా పరువంతా ఆ నెల మీదే ఉంది.

ఊళ్లను చుక్కలుగా, రోడ్లను గీతలుగా పెట్టి, అన్నిటికన్నా దగ్గర దారిని పట్టే అల్గారిథం రాశాను. నరసమ్మగారి పద్ధతి వేరు. సరుకు ఎక్కించాక, గాట్లు పెట్టిన పొడుగాటి వెదురు కర్ర పట్టుకుని లారీ చుట్టూ తిరిగేవారు. ఒక్కో గాటు ఒక్కో వంతెన ఎత్తు. కొలిచాకే డ్రైవరుకి దారి చెప్పేవారు. నాకది చాదస్తంలా అనిపించేది. ఆవిడ బొబ్బిలిలో పెళ్లికి వెళ్లిన రోజు, పాల డెయిరీకి పోవాల్సిన గడ్డి లారీని కర్ర ముట్టకుండా నా దారిన పంపేశాను. పద్నాలుగు కిలోమీటర్లు తగ్గించానని తెగ మురిసిపోయాను.

మధ్యాహ్నం డ్రైవరు ఫోన్ చేశాడు.

“మేడమ్, నీ దారి సేనా దగ్గిరే గానీ, రైలు వంతెన కింద ఇరుక్కుపోనాం. ముందుకెల్దు, ఎనక్కి రాదు. ఊర్లో ఆవులన్నీ వొచ్చీసినాయి.”

నేను ఆటోలో పరిగెత్తాను. నరసమ్మగారు పెళ్లి భోజనం మధ్యలో లేచి, ఆఫీసులో కర్ర తీసుకుని వచ్చారు. టైర్లలో గాలి తీసి లారీని వెనక్కి లాగేసరికి సగం గడ్డి ఆవుల కడుపుల్లో ఉంది. ఉద్యోగం పోయినట్టే, అమ్మకి ఏం చెప్పాలిరా దేవుడా అనుకుంటూ నిలబడ్డాను.

“ఏటి పాపా, ఏడుస్తన్నావా? గడ్డి ఆవులికే కదా ఎల్లాల. ఆవులికే ఎల్లింది. అడ్రసే మారింది” అన్నారు నరసమ్మగారు.

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నాకు మాత్రం కన్నీళ్లు ఆగలేదు.

“దగ్గిర దారి ఎవుడైనా సెప్తాడు. దార్లో ఇరుకెక్కడుందో ముందు సూడాల. అందులోంచి మన లారీ ఎల్తాదా నేదా, అదీ లెక్క” అంటూ కర్ర నా చేతిలో పెట్టారు. “ఈ వంతెనకి గాటు నేదు. ఇటు ఏ తెలివైనోడూ లారీ పంపనేదు మరి. నువ్వే పెట్టు. రేపట్నుంచి కొలతా నువ్వే ఎయ్యి.”

ఉద్యోగం నిలిచిందని అలా తెలిసింది. మర్నాడు ప్రోగ్రాము తిరగరాశాను. ప్రతి దారిలోనూ అన్నిటికన్నా తక్కువ ఎత్తున్న చోటు ఏదో చూసి, అక్కడ లారీ పట్టే దారుల్లోంచే దగ్గరదాన్ని ఎంచే పద్ధతి. ఇలాంటిది కాలేజీ పుస్తకంలోనూ ఉంది. పరీక్షకి రాదని వదిలేశాను.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. కర్ర నా బల్ల వెనకాలే ఉంది. ఏ అల్గారిథం వాడమంటారని కొత్తగా చేరినవాళ్లు అడిగితే, ముందు లారీలో ఏముందో చూసి రమ్మంటాను. కర్ర మీద అన్నిటికన్నా కిందున్న వంకర గాటు ఎవరిదని అడిగితే మాత్రం మాట మార్చేస్తాను.

నిన్న ట్రాఫిక్ కదిలింది. ఎదురుగా వంతెన కనిపించింది. గబగబా గడ్డి లారీ పక్కకి వెళ్లి, తల పైకెత్తి అరిచాను.

“బాబూ, కొలిసినావా నేదా?”

గొంతు నాదే. మాట మాత్రం నరసమ్మగారిది.