దొరకి నేర్పిన మాట

మా బీరు కంపెనీ దొర మొన్న మంగళవారం పోయాడు. కబురు వినగానే నా నాలుక ముందుపళ్ళ సందులోకి పోయింది. అక్కడ రెండు పళ్ళు లేవు. రాలగొట్టింది ఆయనే.

ఆయన బీరు మీలో చాలామంది తాగే ఉంటారు. జర్మనీ యుద్ధానికి ముందు ఒక్క రాగి కాగుతో ఐర్లండు నుంచి రంగూన్‌లో దిగి, పజుండౌంగ్ వాగు పక్కన రేకుల షెడ్డు వేశాడు. దొరసాని సీసాలు కడిగేది, కొడుకు బిరడాలు బిగించేవాడు. ఐర్లండువాణ్ణి పట్టుకుని ఇంగ్లీషు దొర అని ఎవడైనా అంటే వాడి దవడ పగిలేది. ఆయన పీపాకి చెవి ఆనించి, చెక్క సుత్తితో తట్టి, బీరు పండిందో లేదో చెప్పేవాడు.

తెలుగువాళ్ళలో మనిషిని మర్యాదగా ఏమని పిలవాలని, అక్కడ బస్తాలు మోసే నన్ను ఒకసారి అడిగాడు.

"బావ అనండి దొరా. మావోలకి అంతకన్నా గౌరం నేదు" అన్నాను.

అప్పట్నుంచి బండివాడూ బావే, గుడి పూజారీ బావే. మేం చాటుకెళ్ళి నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు రేవు నుంచి బార్లీ బస్తాలతో కొత్త మేస్త్రీ వచ్చాడు. అతని చెల్లెలు కూడు తెచ్చి పక్కనే నిలబడింది. దొర నవ్వుతూ, "రా బావా" అన్నాడు.

"ఎవుడికి బావ్రా నాను? నా చెల్లిని నీకిచ్చినానేటి?"

బస్తాలెత్తే ఇనప కొక్కెం దొర ముంజేతిలో దిగి మోచేతిదాకా చీరేసింది. బార్లీ ఎర్రబడింది. దొర నా వంక చూశాడు.

"నానే నేర్పినాను మేస్త్రీ, నవ్వులాటకి" అన్నాను.

మరుక్షణం కొక్కెం నా గొంతు మీదుంది. మొన చర్మంలో దిగింది. ఉమ్మి మింగితే చస్తాను. దొర ఎడంచేత్తో సుత్తి ఎత్తి మేస్త్రీ మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

"ఈడు నా బావ. ఈణ్ణి నానే కొడతాను" అని, అదే చేత్తో నా మూతి పగలగొట్టాడు.

తర్వాత మేస్త్రీ చేతికి పీపా చెక్కలు పెట్టి తనే కట్టుకట్టాడు. ఆ చెల్లెలికి నెత్తుటి చేతులతో దణ్ణం పెట్టాడు. నన్ను పనిలోంచి మాత్రం తియ్యలేదు. ఆనాటి నుంచి రంగూన్ మొత్తంలో నన్నొక్కణ్ణే బావా అనేవాడు.

నిన్న శవపేటిక చుట్టూ దొరలే ఉన్నారు. కూలివాణ్ణి, భుజం పట్టనిస్తారా అని గేటు దగ్గరే ఆగిపోయాను. మా మధ్యే పెరిగిన కొడుకు నన్ను చూసి బయటికొచ్చాడు.

"ఏటి మామా, ఇక్కడ నిలబడిపోనావు? బావ మొయ్యకపోతే అయ్యనెవులు మోస్తారు?"

భుజానికెత్తుకున్నాను. చెవి చెక్కకి ఆనింది. అలవాటుకొద్దీ వేలితో ఒకసారి తట్టాను.