పద్నాలుగో వారం

నేను ఆస్ట్రేలియాకి తెచ్చుకున్న తెలుగు పుస్తకం ఒక్కటే. అదీ పొరపాటున.

బయలుదేరే రోజు మా ఇంట్లో బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. రెండూ ఒకే లావు, రెండింటికీ ఒకే ఖాకీ అట్ట. మా మేనత్త బడి టీచరు; ఆవిడ ఉన్న ఇంట్లో ఏ పుస్తకమూ అట్ట లేకుండా తిరిగే ధైర్యం చెయ్యదు. ఒకటి చర్చిలో పాడుకునే కీర్తనల పుస్తకం, అమ్మ నా కోసం తీసిపెట్టింది. రెండోది అత్త పెళ్ళికి ముందు ఓ వారపత్రికలోంచి వారం వారం కత్తిరించి దాచి, చివరికి బైండింగు షాపులో కుట్టించుకున్న సీరియల్ నవల. సూట్‌కేసు బరువు ఎక్కువైందని నాన్న పచ్చడి సీసాలు తీస్తూ, అమ్మ మళ్ళీ పెడుతూ ఉన్న యుద్ధంలో నేను ఒక ఖాకీ పుస్తకం తీసి బట్టల మధ్య దూర్చాను. ఇక్కడ క్లేటన్ అనే పేటలో పెట్టె విప్పి, మొదటి ఆదివారం భక్తిగా తెరిచి చూస్తే లోపల ఒకమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని జడ వేసుకుంటోంది.

అమ్మ ఫోనులో అడిగేది: "పుస్తకం తీస్తన్నావా నాయనా?"

"రోజూ తీస్తున్నానమ్మా."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

చదువు అయిపోయింది. చదువుకి తగ్గ ఉద్యోగం రాలేదు కాబట్టి, వచ్చిన ఉద్యోగానికి తగ్గట్టు నేనే మారాను. దోసెల పిండి తయారుచేసే చోట ప్యాకెట్ల మూతి అతికించడం నా పని. ఇక్కడే ఉండిపోవడానికి దరఖాస్తు పెట్టుకున్నాను. అప్పట్నించీ ఆ వెబ్‌సైటులో ఒకటే మాట: పరిశీలనలో ఉంది. అది తేలేదాకా దేశం దాటి వెళ్ళి రావాలంటే ఇంకో అనుమతి, ఆ అనుమతికి ఓ గట్టి కారణం కావాలి. బోరు కొడుతోంది అన్నది గట్టి కారణం కాదట. ఉద్యోగం మారదామంటే దరఖాస్తు ఏమవుతుందోనని భయం. ఇల్లు మారదామంటే అదే సమయానికి ఉత్తరం పాత ఇంటికొస్తుందేమోనని ఇంకో భయం. ఇంతకీ ఇల్లంటే ఐదుగురం అద్దెకుండే ఇంట్లో, హాలుకి అడ్డంగా కర్టెన్ కట్టగా మిగిలిన భాగం. నన్నెవరూ బంధించలేదు. తలుపులన్నీ తీసే ఉన్నాయి. ఏ తలుపులోంచి వెళ్ళినా మళ్ళీ లోపలికి రానిస్తారో లేదో తెలియదు, అంతే.

అందుకని కర్టెన్ వెనక కూర్చుని సీరియల్ చదివేవాణ్ణి. మొదటిసారి నవ్వుకోవడానికి చదివాను. రెండోసారి ఏం తోచక చదివాను. మూడోసారి నుంచి కారణం అడగడం మానేశాను.

కథ పెద్ద గొప్పదేం కాదు. ఓ పిల్లకి పొరుగూళ్ళో ఉద్యోగం వస్తుంది. సోమవారం పొద్దుటికి వెళ్ళి చేరాలి. ఉద్యోగం చేస్తే పిల్ల చెయ్యి దాటిపోతుందని బాబాయి ఆమెని తన రైసు మిల్లు మేడ మీద గదిలో పెట్టి తాళం వేస్తాడు. బొమ్మల్లో అతనికి బుర్రమీసాలు. ఇరవై రెండో వారంలో అతను ఊక కుప్పలో నడుం దాకా కూరుకుపోతాడు. ప్రతిసారీ కూరుకుపోతాడు. ఎన్నిసార్లు చదివినా ఒక్కసారి కూడా తప్పించుకోలేదు. నా జీవితంలో ఇంత నమ్మకంగా పనిచేసేది మరొకటి లేదు. రైలు ఆలస్యం కావచ్చు, డ్యూటీల రోస్టరు మారవచ్చు, ఇమ్మిగ్రేషన్ వాళ్ళు నన్ను మర్చిపోయి ఉండవచ్చు. బాబాయి మాత్రం ఊకలో పడతాడు.

పత్రిక పేజీలు కత్తిరించి కుట్టినవి కాబట్టి, వెనక వైపు వేరే లోకం ఉండేది. సగం వంటకం. అత్త పెన్సిల్‌తో నింపిన గళ్ళనుడికట్టు. "ముఖం మీద మచ్చలు పోవాలంటే సెనగపిండిలో" అని మొదలై కత్తెరకి బలైపోయిన చిట్కా. సెనగపిండిలో ఏం కలపాలో నాకు ఇప్పటికీ తెలియదు. మచ్చలూ అలాగే ఉన్నాయి.

ఒకటే లోటు. పదమూడో వారం చివర మెట్ల మీద అడుగుల చప్పుడు, తాళంలో చెవి తిరిగిన చప్పుడు, 'వచ్చే వారం' అన్న మాట. పేజీ తిప్పితే పదిహేనో వారం. ఆ పిల్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేరుశనగపప్పు తింటూ, పొట్టు బయటికి ఊదుతూ ఉంటుంది. మధ్యలో ఉండాల్సిన వారం లేదు. గదిలోంచి ఎలా బయటపడిందో ఆ వారంలో ఉంది.

మామూలు రోజుల్లో అయితే పోనీలే అనుకునేవాణ్ణి. కానీ నాకు కావలసింది సరిగ్గా ఆ ముక్కే. పిండి ప్యాకెట్లు అతికిస్తూ ఆమెని రకరకాలుగా బయటికి తెచ్చాను. చీరలు ముడివేసి దింపాను. కిటికీ ఊచలు వంచాను. మిల్లులో కూలివాడితో తాళంచెవి తెప్పించాను. ఏదీ నమ్మబుద్ధి కాలేదు. పదిహేనో వారంలో ఆమె చీర నలగలేదు, జడ చెదరలేదు.

ఒకరోజు అత్తే ఫోను చేసింది. "నా పెట్టెలోకి కీర్తనల పుస్తకం ఎట్టా వచ్చిందిరా?"

ఖాకీ పుస్తకం గబుక్కున దిండు కింద దాచాను, అత్తకి కనపడుతుందేమోనన్నట్టు.

"మీ అమ్మకి చెప్పలేదులే. బాబాయి ఊకలో పడ్డాడా?"

"పడ్డాడత్తా. పద్నాలుగో వారం ఏదీ?"

"పక్కింటావిడ చదివి ఇస్తానని ఆ వారం పత్రిక పట్టుకుపోయింది. నేను చదవకముందే. అంతే, మళ్ళా కనపళ్ళా. అందుకే చెప్తన్నా, ఆ పుస్తకం ఎవరికీ ఇయ్యమాక."

మా తెలుగు చర్చి క్లేటన్‌లో ఓ స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు జరుగుతుంది. కుర్రకారంతా ఫోనులో చూసి పాడతారు. నా ఫోను ఛార్జింగు పాట సగంలో ప్రాణం వదిలే రకం. కాబట్టి ఖాకీ పుస్తకమే పట్టుకెళ్ళేవాణ్ణి. నూట పన్నెండో పేజీ అంటే, అత్త పెన్సిల్‌తో వేసుకున్న నంబర్ల ప్రకారం నేనూ నూట పన్నెండు తీసేవాణ్ణి, పెదవులు కదిపేవాణ్ణి. పాట అయ్యేలోపు ఓ పేరా అయిపోయేది.

ఓ ఆదివారం పక్క కుర్చీలో ఆంటీ నా మోచెయ్యి పొడిచింది. అరవై దాటిన మనిషి. ఊరి చివర క్రాన్‌బర్న్‌లో కూతురి దగ్గర ఉంటుంది.

"అబ్బాయ్. ఏ పేజీ?"

"నూట పన్నెండు ఆంటీ."

"నా పుస్తకంలో నూట పన్నెండో పేజీకి మీసాలు లేవే?"

పుస్తకం నా చేతిలోంచి ఆవిడ ఒళ్ళోకి వెళ్ళిపోయింది. కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఓరి నీ దుంపతెగ! రైసు మిల్లు కథ!" అంది. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. ఆవిడ వెంటనే ఆమెన్ అంది. వాళ్ళు తృప్తిగా ముందుకు తిరిగారు.

"వీడు ఊకలో పడతాడు గదా?" గుసగుసగా అడిగింది.

"ఇరవై రెండో వారం. ఆంటీ, మీరు పద్నాలుగో వారం చదివారా? ఇందులో లేదు."

ఆవిడ కాసేపు హాలు కప్పుకేసి చూసింది. "చదవకేం?"

"ఎలా బయటపడింది?"

"ఇట్టా నిలబడి చెప్పేది కాదులే. ఎన్నేళ్ళ కిందటి మాట! మొదట్నించీ చదివితే గుర్తొస్తది. పుస్తకం ఇయ్యి. రాసిస్తా."

అత్త మాట గుర్తుంది. అయినా ఇచ్చాను. ఉరిశిక్ష పడ్డవాడికి లాయరు ఫీజు గురించి ఆలోచన ఉండదు. అంత సీను లేదనుకోండి, నేను దోసెల పిండివాణ్ణి. కానీ ఇచ్చాను.

తరవాతి ఆదివారం ఆంటీ రాలేదు. ఆ తరవాతా రాలేదు. ఆవిడ కూతురు నర్సు, రోస్టరు మారి ఆదివారాలు డ్యూటీ పడిందని పాస్టరు గారు చెప్పారు. కూతురు తీసుకురాకపోతే ఆంటీకి చర్చి లేదు. చర్చి లేకపోతే ఆంటీకి బయటన్నదే లేదు.

ఇంకో వారం గడిచింది. కర్టెన్ వెనక ఏం చదవాలో తెలియలేదు. పిండి ప్యాకెట్ మీద రాసింది చదివాను. ఇంటి అగ్రిమెంటు చదివాను. అందులో గోడకి మేకు కొట్టకూడదని మూడు చోట్ల ఉంది, ఊకలో ఎవరూ పడరు. ఇంకో కొత్త తెలుగు నవల ఫోనులో తెరిచాను. ఎవరు ఏం చేస్తారో తెలియని కథ నా వల్ల కాలేదు. ఏం జరుగుతుందో తెలియని కథ ఒకటి ఎలాగూ నడుస్తోంది, అందులో హీరోని నేనే. మూడో శనివారం పొద్దున నా వేలు దానంతట అది విజయవాడకి వన్‌వే టికెట్ వెతికింది. వన్‌వే అంటే దరఖాస్తు, దోసెలు, ఇన్నాళ్ళ ఎదురుచూపు అన్నీ వదిలేసినట్టే. బుక్ చెయ్యమంటావా అని అడిగింది స్క్రీను. ఆలోచించుకుంటా అన్నాను, పైకే. కర్టెన్ అవతల నూడిల్స్ ఉడకబెడుతున్న కుర్రాడు "ఎవరితో బ్రో?" అన్నాడు.

టికెట్ పేజీ మూసెయ్యకుండానే పాస్టరు గారి దగ్గర నంబరు, వీధి పేరు తీసుకుని ఆంటీకి ఫోను చేశాను. ముందు పుస్తకం తెచ్చుకోవాలి, అత్తది కదా. వెళ్ళేవాడు ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. ఏడేళ్ళ మనవరాలు ఎత్తింది.

"అమ్మమ్మ ఈజ్ రైటింగ్. షీ సెడ్ నో డిస్టర్బింగ్."

"ఏం రాస్తోందమ్మా?"

"హోమ్‌వర్క్, ఐ థింక్."

మధ్యాహ్నం కారేసుకుని క్రాన్‌బర్న్ వెళ్ళాను. అన్నీ ఒకేలాంటి కొత్త ఇళ్ళు. మూడు ఇళ్ళ కాలింగ్ బెల్లులు కొట్టాక నాలుగో ఇంట్లో ఆంటీ దొరికింది. డ్యూటీ నించి వచ్చిన కూతురు లోపల పడుకుని ఉంది. ఆంటీ టీ పెట్టి, ఖాకీ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. కొంచెం లావెక్కింది. పదమూడుకీ పదిహేనుకీ మధ్య మనవరాలి నోటుపుస్తకం కాగితాలు, నల్ల దారంతో కుట్టి ఉన్నాయి. గుండ్రటి చేతిరాత. పైన 'పద్నాలుగో వారం' అని గీత కొట్టి మరీ రాసింది.

అక్కడే కూర్చుని చదివాను.

మిల్లు మేడ మీద గదిలో ఆ పిల్ల పొద్దున్నే లేచింది. అందరూ ఎవరి పనులకి వాళ్ళు వెళ్ళిపోయారు. వంట చేసుకుంది. ఒక్కతే తింది. కిటికీ దగ్గర నిలబడింది. కిటికీకి అవతల రేకుల కంచె. కంచె పక్కన ఎర్ర మూత చెత్తడబ్బా, పసుపు మూత చెత్తడబ్బా. కంచె మీద నలుపూ తెలుపూ పిట్ట ఒకటి వచ్చి ఆమెని అనుమానంగా చూసి వెళ్ళింది. చెత్తబండి కోసం ఈ వారం బయట పెట్టాల్సింది పసుపు మూతదా, ఆకుపచ్చ మూతదా అని ఆమె ఆలోచించింది. మధ్యాహ్నం మళ్ళీ కిటికీ. వీధిలో మనిషి పోతాడేమోనని చూసింది. కార్లు పోయాయి. సాయంత్రం బడి నించి ఇంట్లో చిన్నపిల్ల వచ్చి ఏదో చెప్పింది, ఆమెకి సగం అర్థమైంది. మిగతా సగానికి నవ్వింది.

ఇలా ఆరు పేజీలు. కృష్ణా డెల్టాలో రైసు మిల్లుకి పసుపు మూత చెత్తడబ్బా ఎక్కడిదని జోకు వెయ్యాలని నోరు తెరిచాను. జోకు రాలేదు. నాకిలా జరగడం అరుదు. చివరి పేజీలో చివరి వాక్యం: 'తరవాత ఎలాగో బయటపడింది.'

"ఎలాగో అంటే ఆంటీ?"

"ఎలాగో అంటే ఎలాగోనే. మూడు వారాలు ఆలోచించా. ఆ గదిలో ఉండటం రాయమంటే ఇంకో యాభై పేజీలు రాసిపెడతా. బయటికి రావటమే రాలా."

"మీరు చదివానన్నారు కదా!"

"ఆ వారం మా ఊరికి వానలకి బస్సు రాలా, పత్రికా రాలా. అప్పట్నించీ నేనూ నీకుమల్లే అదే అనుకుంటన్నా."

"మరి చర్చిలో అబద్ధం చెప్పారా?"

"చదవలేదంటే పుస్తకం ఇచ్చేవాడివా?" అని టీ కప్పు నా వైపు జరిపింది. "నువ్వు మటుకు? ఆ పుస్తకం పట్టుకుని ఇన్నాళ్ళూ కీర్తనలు పాడావు గదయ్యా."

ఇద్దరం కిటికీలోంచి చూశాం. పసుపు మూత అక్కడే ఉంది. పిట్ట కూడా ఉంది, కథలోకి తనని ఎక్కించారని తెలియనట్టు.

"సముద్రం ఇక్కడికి ఎంతో దూరం లేదు ఆంటీ. చూశారా?"

"వచ్చిన కొత్తలో ఒకసారి. చలికి కార్లోంచి దిగలా."

"పదండి."

"ఇప్పుడా? ఎట్టా?"

ఎలాగో అనబోయి ఊరుకున్నాను. ఆవిడ లోపలికెళ్ళి కూతురిని లేపింది. కూతురు నిద్రకళ్ళతో వచ్చి నన్ను పైనుంచి కిందికి చూసి, "చర్చి అబ్బాయే కదా, సరే వెళ్ళిరా మమ్మీ, బట్ ఆరుకల్లా వచ్చెయ్యండి" అంది. అంతే. ఆరు పేజీల గది తలుపు ఆ ఒక్క ముక్కకి తెరుచుకుంది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, ఆంటీతో సహా.

ఆవిడ చీర మార్చుకుని, జడ సరిచేసుకుని, వేయించిన వేరుశనగపప్పు సూపర్‌మార్కెట్ కరపత్రంలో పొట్లం కట్టుకుని వచ్చి నా పాత కారులో కూర్చుంది. ఖాకీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. టికెట్ పేజీ నా ఫోనులో ఇంకా తెరిచే ఉంది. సముద్రం నించి తిరిగొచ్చాక చూసుకుందాం అనుకుని ఫోను వెనక సీట్లోకి విసిరాను. దరఖాస్తు పరిశీలనలో ఉంది. ఉండనీ.

మెయిన్ రోడ్డెక్కాక ఆంటీ అద్దం దించింది. అరచేతిలో పప్పు నలిపి, ఊదబోయి ఆగింది.

"పొట్టు కిటికీలోంచి ఊదొచ్చా?"

"ఫైన్ వేస్తారు ఆంటీ."

"ఆ పిల్లకి ఎవరూ వెయ్యలేదే," అని ఊదింది.

పొట్టు అంతా ఎదురుగాలికి వెనక్కొచ్చి నా మొహాన పడింది.