జల్లెడ కాదు, డప్పు: రెంటచింతల నుంచి ఆఫ్రికా సంగీతోత్సవానికి

మా ఇంటి వెనక గదిలో, బియ్యం డబ్బాకి పైన, ఒక మేకుకి మా తాత డప్పు వేలాడుతూ ఉండేది. ఈ ప్రయాణం దాని వల్లే మొదలైంది. నేను నరసరావుపేటలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. ఈ వర్షాకాలం మొదట్లో మా నోటీసు బోర్డుకి ఒక పోస్టరు వచ్చింది. హైదరాబాద్‌లో రెండు రోజుల ఆఫ్రికా సంగీతోత్సవం. ఆఫ్రికా దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులూ, ఎన్నో తరాల కిందట ఆ ఖండం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాల వాళ్ళూ కలిసి చేస్తున్నారట. ప్రవేశం ఉచితం. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఎవరైనా తమ ఊరి తోలువాద్యం తెచ్చుకుని ఐదు నిమిషాలు వాయించవచ్చు, పేరు ముందుగా ఇవ్వాలి. నేను ఇచ్చాను. నలుగురిలో నోరు విప్పని మనిషిని. కానీ ఫారం నింపడానికి నోరు విప్పక్కర్లేదు.

మా తాత పేరు ఏసుపాదం. రెంటచింతలలో నలభై ఏళ్ళు డప్పు వాయించాడు. ఏ ఇంట్లో మనిషి పోయినా ముందు నడిచింది ఆయనే. ఒక్కో సందర్భానికి ఒక్కో వరుస ఉంటుంది, మా వాళ్ళు దాన్ని దెబ్బ అంటారు. జాతర దెబ్బ వేరు, సావు దెబ్బ వేరు. ఊళ్ళో ఎన్ని శవాల ముందు ఆయన ఆ సావు దెబ్బ వాయించాడో లెక్క లేదు. ఆయన పోయినప్పుడు మాత్రం ఎవరూ వాయించలేదు. మా నాన్న వాయించనివ్వలేదు. గుంటూరు నుంచి బ్యాండు మేళం పిలిపించాడు. నాన్న స్కూలు మాస్టారు. "డప్పోడి కొడుకా" అనే పిలుపు వింటూ చదువుకున్నవాడు. నన్ను ఆ పిలుపుకి అందనంత దూరంలో పెంచాలని కాన్వెంటులో చేర్పించాడు. ఆయన కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అయినా తాతకి ఆ దెబ్బ బాకీ పడిందని నాకు అనిపిస్తూనే ఉండేది.

వాయించడం నేర్పింది మరియమ్మత్త, నాన్నకి అక్క. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు డప్పు ముట్టరు. కానీ అత్త చెవులు ఎవరూ మూయలేదు కదా. వేసవి సెలవుల్లో మిరపకాయల తొడిమెలు తీస్తూ దెబ్బలన్నీ నోటితో పలికేది, నేను పరీక్ష అట్ట మీద కొట్టేదాన్ని. తర్వాత నాన్న స్కూలుకి వెళ్ళిన పగళ్ళలో డప్పు మేకు మీంచి దిగేది.

పేరు ఇచ్చానని చెప్పిన రోజు నాన్న చాలాసేపు పేపరు మడతపెట్టాడు. "వినటానికి పో. టికెట్టు డబ్బులు నేనిస్తా. అది మాత్రం గడప దాటకూడదు."

"నేను వాయిస్తా నాన్నా."

"దాన్ని పట్టుకోకూడదనే గదమ్మా నిన్ను అంత చదివించింది!"

"ఆ చదువుతోనే పోతున్నా."

మా ఇంట్లో నేను ఎదురు చెప్పిన మొదటి మాట అదే. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి డప్పుని పాత దుప్పట్లో చుట్టి సంకలో పెట్టుకున్నాను. తోడు వస్తానన్న మరియమ్మత్త అప్పటికే సంచితో వాకిట్లో నిలబడింది. నాన్న మంచం మీద కూర్చునే ఉన్నాడు. ఆపలేదు. 

రెంటచింతల నుంచి ఐదింటికి మాచర్ల బస్సు ఉంది, అరగంట ప్రయాణం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్టు. మాచర్ల నుంచి హైదరాబాద్ బస్సుకి మాత్రం మనిషికి మూడు వందల దాకా అయింది, రాష్ట్రం సరిహద్దు దాటితే ఉచితం లేదు. కండక్టరు నా ఒళ్ళోని దుప్పటి వైపు చూసి, "ఏందమ్మా అది, గంగాళం మూతా? లగేజీ కొట్టాల్నా?" అన్నాడు.

"జల్లెడండీ," అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. వెనక సీటు నుంచి అత్త మెడ వంచి నా చెవిలో, "ఏందే, మా నాయన్ని జల్లెడ చేశావ్?" అంది. సాగర్ వంతెన మీద తెల్లవారింది. కృష్ణ నిండుగా ఉంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మల్లేపల్లిలో ఇడ్లీలకి పావుగంట ఆపారు. అక్కడా నేను దిగలేదు. దిగితే దుప్పటి గురించి ఇంకెవరైనా అడుగుతారని.

పదింటికి హైదరాబాద్ బస్టాండులో దిగి, పక్కనే ఉన్న మెట్రో ఎక్కాం. లక్డీకాపూల్ నాలుగైదు స్టేషన్ల దూరం, పాతిక రూపాయల లోపే. ఉత్సవం జరిగే హాలు స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. అయితే మెట్రోలో సామాన్లు మిషన్లో పెట్టాలి. తెర మీద గుండ్రంగా ఏదో కనబడేసరికి సెక్యూరిటీ ఆవిడ మమ్మల్ని పక్కకి పిలిచింది. అత్త సంచిలో వరిగడ్డి కట్ట, అగ్గిపెట్టె దొరికాయి. "ఇదేంది? గడ్డెందుకు? మీ ఎంట బర్రె గిట్ల ఉన్నదా?" అని అడిగింది. ఈసారి జల్లెడ అనడానికి వీల్లేదు. "డప్పు," అన్నాను. "కాచడానికి గడ్డి." ఆవిడ డప్పుని తిప్పి చూసి ఇచ్చేసింది. అగ్గిపెట్టె ఉంచేసుకుంది.

మీరు వెళ్ళేటట్లయితే శనివారం ఉదయమే చేరుకోండి, ఎందుకంటే అసలు వివరించి చెప్పేదంతా ఆ రోజే. పాత బంగళా లాంటి హాలు, చుట్టూ చెట్లు, వెనక వంటశాల. కాంగో విద్యార్థులు పన్నెండు మంది కోరస్ పాడారు. మా చర్చిలో వినే నాలుగు గొంతుల పాటే, కానీ వాళ్ళు నిలబడి పాడలేదు, నడుస్తూ పాడారు. ఒక అబ్బాయి సంకలో ఇరికించుకున్న డ్రమ్ముని నొక్కుతూ వదులుతూ దాని చేత మనుషుల పేర్లు పిలిపించాడు. మధ్యాహ్నం అబెనా అనే ఘనా అమ్మాయి మాట్లాడింది. గుంటూరు దగ్గర నర్సింగు చదువుతోంది. మేం రెంటచింతల అనగానే, "అక్కా, అక్కడ ఎండ చానా ఎక్కువ!" అని తెలుగులో నవ్వింది. బానిసలుగా అమ్ముడుపోయి సముద్రం దాటినవాళ్ళకి, వాళ్ళు పనిచేసిన చాలా చెరకు, పత్తి తోటల్లో డ్రమ్ము నిషేధమని చెప్పింది. డ్రమ్ముతో ఒకరికొకరు కబురు పంపుకుంటారని యజమానుల భయం. అప్పుడు వాళ్ళు పెట్టెల మీద, తొడల మీద, నేల మీద కాళ్ళతో వాయించారు.

నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. వాళ్ళని వాయించొద్దన్నారు. మమ్మల్ని వాయించి తీరాలన్నారు. ఎప్పుడు వాయించాలో, ఎప్పుడు మానాలో రెండు చోట్లా నిర్ణయించింది వాయించే వాళ్ళు కాదు.

ఆ రాత్రి సిస్టర్ల హాస్టల్లో ఉన్నాం. ఆడవాళ్ళకి గది, పొద్దున టిఫినుతో కలిపి ఐదు వందలు, ముందు ఫోన్ చేసి వెళ్ళాలి. ఆదివారం చర్చిలో పూజ చూసుకుని హాలుకి చేరేసరికి సన్నగా ముసురు పట్టింది. నా వంతు మూడున్నరకి. రెండున్నరకి దుప్పటి విప్పి వేలితో తట్టాను. తడిసిన అట్టపెట్టె మోగినట్టు మోగింది. చెమ్మకి తోలు పూర్తిగా వదులైపోయింది.

మా ఊళ్ళో ఇది అసలు సమస్యే కాదు. నాలుగు గడ్డి పరకలు అంటించి, సెగ మీద డప్పు తిప్పుతారు, తోలు బిగుస్తుంది. అత్త టీ కొట్టు దగ్గర అగ్గిపుల్ల అడిగి తెచ్చింది. కార్లు ఆపే చోట ఒక చెట్టు కింద గడ్డి పేర్చి అంటించింది. అక్కడ మంట పెట్టవచ్చా అన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. పొగ లేచిందో లేదో, గార్డు నీళ్ళ డబ్బాతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నరమ్మా! అలారం మోగిందంటే ఫైరింజన్ వస్తది!"

"గుప్పెడు గడ్డికి ఫైరింజనెందుకయ్యా? మీ హాలేమన్నా గడ్డితో కట్టారా?" అంది అత్త. అతను నీళ్ళు గుమ్మరించాడు. ఉన్న గడ్డి అంతా తడిసిపోయింది. ఒక వాలంటీరు పిల్ల జాలిపడి జుట్టు ఆరబెట్టే మిషను తెచ్చింది. అది అరగంట వేడి గాలి ఊదినా డప్పు ఉలకలేదు. "ఏమే, దీన్ని నీ తలకి పెట్టుకోపో," అని అత్త తిరిగి ఇచ్చేసింది. ఆ పిల్ల నొచ్చుకోకుండా, "పోనీ ప్లాస్టిక్ డ్రమ్ము ఇస్తాం, దాని మీద వాయిస్తారా?" అంది.

మూడు దాటింది. ఒప్పుకుంటే ఐదు నిమిషాలు గడిచిపోతాయి. కానీ నేను వచ్చింది ఐదు నిమిషాలు గడపడానికి కాదు. "వద్దు. ఇదే వాయిస్తాను. మోగకపోతే వాయించను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు వంటశాల వెనక నుంచి ఎవరో పిలిచారు. "ఏం బేటీ, సెగ కావాల్నా? ఇట్ల రా." అరవై దాటిన మనిషి, తెల్ల లాల్చీ, ఉంగరాల జుట్టు. సాలెం చాచా. హైదరాబాద్ సిద్దీ. వాళ్ళ ముత్తాతలు ఆఫ్రికా నుంచి నిజాం కొలువుకి సిపాయిలుగా వచ్చారు. ఇప్పుడు వాళ్ళ మేళం పెళ్ళి ఊరేగింపుల్లో మర్ఫా అనే తోలువాద్యాల సంగీతం వాయిస్తుంది. రేకు చూరు కింద ఇనప తట్టలో నిప్పులు, చుట్టూ ఆరేడుగురు. వాళ్ళ చేతుల్లోనూ చెక్క చట్రానికి తోలు బిగించిన గుండ్రటి వాద్యాలే. అందరూ వాటిని సెగకి తిప్పుతున్నారు.

"మిమ్మల్ని నిప్పు పెట్టుకోనిచ్చారా?" అత్త నమ్మలేకపోయింది.

"పది రోజుల ముందే లెటర్ రాసినం అమ్మా. ఈ తోలుకి తిండి ఇదే అని. మొదట్ల మాకూ ఆ జుట్టు మిషనే చూపిచ్చిన్రు." చాచా నవ్వి జరిగి నాకు చోటిచ్చాడు. నా డప్పుని చూసి, "ఎవరిది?" అన్నాడు.

"మా తాతది."

"నువ్వు కొడతవా?"

"కొడతాను."

"మంచిగ కాచుకో మరి."

ఒక చేత్తో పట్టుకుని నిప్పుల మీద తిప్పాను. అత్త పక్కన కూర్చుని, "ఇంకొంచెం. ఆ అంచు. మీ నాన్నే కాచి ఇచ్చేవాడే మా నాయనకి, చిన్నప్పుడు. ఆడికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు," అంది. నాకు ఆ సంగతి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. వేలితో తట్టాను. ఈసారి వంటశాలలో వాళ్ళు తిరిగి చూశారు.

వేదిక మీద అబెనా నన్ను పరిచయం చేసే కార్డు చదివింది. అందులో "జానపద వాద్యం, ఆంధ్ర" అని మాత్రమే ఉంది. మైకు నా ముందు పెట్టింది. మూడు వందల మంది ఉంటారేమో. నేను మైకు నుంచి ఒక అడుగు వెనక్కి జరిగాను. నా పరిస్థితి చూసి అబెనా మెల్లగా ఇంగ్లీషులో, మాట్లాడకపోయినా పర్వాలేదు, వాయించండి అంది. కాన్వెంటులో మాకు ఇంగ్లీషు పాఠం చెప్పిన సిస్టరు, మాట ఆఖరి బెంచీకి చేరకపోతే మాట్లాడినట్టు కాదనేది. ఆఖరి వరసలో గోడకి ఆనుకుని సాలెం చాచా ఉన్నాడు. ఆయనకి వినబడేలా చెప్పాను.

"మాది రెంటచింతల. మాదిగ ఇల్లు. ఇది మా తాత ఏసుపాదం డప్పు. ఊళ్ళో అందరి చావులకీ ఆయన వాయించాడు. ఆయన చావుకి ఎవరూ వాయించలేదు. ఇప్పుడు వాయిస్తున్నాను."

కుడిచేతిలో లావు పుల్ల, ఎడమచేతిలో సన్న పుల్ల. సావు దెబ్బ మెల్లగా మొదలవుతుంది. ఒక అడుగుకి ఒక దెబ్బ. మా ఇంటి గడప నుంచి సమాధుల తోట దాకా ఎన్ని అడుగులో అంతసేపూ వాయించాను. అది ఐదు నిమిషాలు దాటింది, ఎవరూ గంట కొట్టలేదు. నేను ఆపాక కూడా  అత్త మొదటి వరసలో చెంగు నోట్లో కుక్కుకుని, రెండో చేత్తో మోకాలి మీద ఇంకా దెబ్బ వేస్తూనే ఉంది. తర్వాత మర్ఫా వాళ్ళు లేచారు, అబెనా డ్రమ్ము తగిలించుకుంది, అందరం కలిసి జాతర దెబ్బ వాయించాం.

సోమవారం ఉదయం మాచర్ల బస్సులో దుప్పటిని అత్త కాళ్ళ మీద కప్పాను. డప్పు నా ఒళ్ళో ఉంది. కండక్టరు కొత్త మనిషి. "డప్పా? ఎవరు కొడతారమ్మా?"

"నేనే."

అతను అత్త వైపు చూశాడు. "నన్ను చూస్తావేందయ్యా? ఆమెనే అడుగు, ఆమెకి నోరొచ్చింది," అంది అత్త.

రెంటచింతలలో దిగేసరికి మధ్యాహ్నం. సెంటరు నుంచి మా ఇంటికి పెద్ద వీధి గుండానే నడిచాను, డప్పు భుజానికి తగిలించుకుని. టీ కొట్టు దగ్గర ఒకాయన, "ఏమ్మా మాస్టారుగారి పాపా, మళ్ళీ మొదలుపెట్టారా?" అన్నాడు. అవునండీ అన్నాను. నాన్న బడి నుంచి భోజనానికి వచ్చి ఉన్నాడు. డప్పు చూశాడు, వీధి వైపు చూశాడు.

"ఇట్టాగే వచ్చావా? అందరూ చూస్తుండగా?"

"ఇట్టాగే వచ్చాను."

"ఏం వాయించావు?"

నేను చెప్పకముందే అత్త అంది. "సావు దెబ్బ. నాయనకి. నువ్వు వాయించనీయనిది."

నాన్న చెయ్యి చాపాడు. డప్పు ఇచ్చాను. తోలు మీద చూపుడువేలితో నాలుగు చోట్ల తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఈ అంచు ఎక్కువ కాచారు. కమిలింది," అన్నాడు. డప్పు నా చేతిలో పెట్టి భోజనానికి కూర్చున్నాడు.

అది క్షమాపణ కాదు, అనుమతీ కాదు. నేను అనుమతి అడగలేదు కూడా. ఆ సాయంత్రం వరండాలో, యేసు తిరుహృదయం పటం పక్కన, వీధిలోకి కనబడేలా నేనే మేకు కొట్టి డప్పు తగిలించాను. ఈ మాటలు రాస్తున్నప్పటికి మూడు వారాలు. ఎవరూ తీయలేదు. అవమానం ఆ తోలులో ఎప్పుడూ లేదని తెలుసుకోవడానికి నాకు సాగర్ దాటి వెళ్ళాల్సి వచ్చింది. అది "డప్పోడి కొడుకా" అని పిలిచిన నోళ్ళలో ఉంది. ఆ నోళ్ళ కోసం డప్పుని దాచడం నేను మానేశాను.

మీరూ తోలువాద్యంతో ఇలాంటి ఉత్సవానికి వెళ్తుంటే ఒక్క సలహా: పేరు ఇచ్చేటప్పుడే, నిప్పుకి చోటు కావాలని కాగితం మీద రాసి అడగండి. జుట్టు మిషను ఇస్తామంటే ఒప్పుకోకండి.