మామ కట్టిన పల్లె

మనవరాలు బొమ్మల కొలువు ముందు ఇసుక పోసి ఆవాలు చల్లింది. అవి మొలకలెత్తాక వచ్చిన తడి వాసనకు, చంద్రగిరిలో మా మామ కట్టిన పల్లె గుర్తొచ్చింది.

మామ అమ్మకు తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధానికి పోయి, దక్షిణ ఫ్రాన్సులో ఒక చిన్న పల్లెవాళ్లు జర్మన్లకు దొరక్కుండా దాచిపెడితే బతికి వచ్చాడు. ఆ దసరాకు మా కొలువు ముందు ఆ పల్లెనే కట్టాడు. గుట్ట మీద కూలిన కోట, కింద ఏరు, దాని మీద రాతి వంతెన, వీధి చివర గంట ఉన్న చర్చి.

"మనుషులు యాడ మామా?" అని అడిగాను.

"వొద్దులే పాపా. ఇట్లే ఉండనీ."

ఖాళీ ఊరు నాకు నచ్చలేదు. విజయదశమి సాయంత్రం కొలువు ముగిసిందని, ఆచారం ప్రకారం అమ్మ మెట్ల మీద ఒక బొమ్మను పడుకోబెట్టింది. నేను కొలువులోని శెట్టి దంపతుల బొమ్మల్నీ పిల్లల బొమ్మల్నీ తెచ్చి, మామ పల్లెలో చర్చి ముందు వరసగా పడుకోబెట్టాను.

"సూడు మామా, ఊరంతా పండుకున్నారు."

మామ వంగి ఆ వరసను చూశాడు. "చర్చి ముందరే అని నీకెవురు చెప్పినారు పాపా?"

ఆయన్ని దాచినందుకు ఆ ఊరివాళ్లను జర్మన్లు చర్చి ముందు ఏం చేశారో పెద్దయ్యాకే అర్థమైంది. ఆ సాయంత్రం మాత్రం, మెచ్చుకున్నాడనుకుని, చేతిలో మిగిలిన చంటిబిడ్డ బొమ్మను కూడా వాళ్ల పక్కనే పడుకోబెట్టాను.