గడపకొక్క పిలుపు

పొద్దున బాల్కనీల బట్టలు ఆరేస్తుంటే కింద గల్లీల ఉల్లిగడ్డల ఆటో వచ్చింది. దాని నెత్తిమీద ఒక మైకు. అందుల ఎవరో ఎన్నడో రికార్డు చేసిన గొంతు ఊపిరి తీసుకోకుండ ఒక్కటే మాట చెప్పుకుంట పోతది. పాతబస్తీల జహనుమా కాడ గదే మాట, పురానాపూల్ కాడ గదే మాట. డ్రైవరు మాత్రం సీట్ల కూసోని ఫోన్ చూసుకుంటడు. "భాయ్, జర ఆగు" అని పైనుంచి ఒర్లిన గని ఆయనకు ఇనబడలె, ఆయన మైకు ఆయనకే అడ్డం. ఆటో మూల తిరిగిపోయింది. తడి చీర చేతుల పట్టుకోని అట్లనే నిలబడ్డ నాకు మా మామ యాదికొచ్చిండు. మామ అంటే మా అమ్మకు తమ్ముడు, సొంత మేనమామ. ఆయన సంగతి చెప్పాలంటే ముందుగాల మా బావ పెట్టిన మ్యూజియం సంగతి చెప్పాలె. మామ ఇంట్ల తలుపేసుకోని కూసున్నది దానివల్లనే, మళ్ల తలుపు తీసుకోని బయటికొచ్చింది సుత దానివల్లనే.

బావ అంటే మా అక్క పెనిమిటి. కొలువు నుంచి రిటైరయినంక చేతులు ఊకోక జహనుమాల వాళ్ల ఇంటి ముందటి రెండు అర్రలు, వరండా ఖాళీ చేపిచ్చి గల్లీ చరిత్రకు మ్యూజియం పెడుతున్న అన్నడు. "నన్ను గూడ ఒక మూలకు నిలబెట్టి చీటీ అంటియ్యి" అన్నది అక్క. గని నెమ్మదిగ సామాన్లు వచ్చుడు షురువయింది. ఎదురింటి ఖాలా, మాకు పిన్ని లెక్క, వాళ్ల అత్తగారి పాన్‌దాన్ ఇచ్చింది. బర్రెలు కాసే ఇంటి పెద్దమనిషి, మేమందరం పాల తాత అంటం, పాలు కొలిచే ఇత్తడి చెంబు ఇచ్చిండు. ఇంకెవరో మోగని రేడియో, ఇంకెవరో మాంజా చుట్టే చరఖా, ఒకామె ముప్పాతిక గల్లీ పెండ్లిపత్రికల కట్ట. పాత సామాన్లు కొనేటోడు ఒకనాడు ఆ అర్రలకు తొంగిచూసి మొత్తం ఒక్కపారే ఎత్తుకపోత అన్నడట, బావకు ఆ మాట అరగనీకి చానా దినాలు పట్టింది. నెలకొక ఆదివారం సాయంత్రం అక్కడ చాప పరిచి అందరం కూసునేటోళ్లం. ఒకపారి పతంగులు చేసుడు, ఒకపారి ఆడోళ్లు పాత పెండ్లిపాటలు పాడుడు, ఒకపారి ఫోటోలు తెచ్చి చూపించుకునుడు. ఖాలా అయితే చాయ్ కోసమే వచ్చేది. చాయ్‌ల దమ్ము లేదని వంకపెట్టుకుంటనే ఇంకో కప్పు అడిగేది.

ఇగ మామ. ఆయనది తోపుడుబండి మీద పండ్ల యాపారం. ఎండకాలం ముంజలు, వానలు తగ్గుతుంటే సీతాఫలాలు, చలికాలం జామకాయలు, రేగుపండ్లు. మా చిన్నప్పుడు క్యాలెండర్ చూసే పని లేకుండె, మామ గొంతు ఇంటే ఏ కాలమో తెలిసేది. ఎండకు గల్లీ కుక్కలు సుత అరవని మధ్యాన్నపు పూట ఆ గొంతు మూల మీదికెళ్లి వచ్చేది, ముందుగాల సన్నగ, తర్వాత గోడలు పట్టుకోని నడిచొచ్చినట్టు దగ్గరికి. మా అమ్మ ఏ పని మీదున్నా ఇడిసిపెట్టి గిన్నె పట్టుకోని గడపల నిలబడేది. ముంజ పొర ఊడదీస్తుంటే వేళ్లకు జిగురు, కొరికితే లోపటి నీళ్లు మోచేతిదాక కారుడు, ఆ తడి చేతులు గౌనుకు తుడుచుకుంటే అమ్మ తిట్లు, ఇవన్నీ నాకు ఆ గొంతు ఎంబడే వచ్చే వస్తువులు.

అసొంటి గొంతుల ఒక గడ్డ లేచింది. దావఖానల ఆపరేషన్ చేసి మనిషిని దక్కిచ్చిర్రు గని మాట పోయింది. మెడకు ముంగట చిన్న రంధ్రం, దానిమీద ఎప్పుడు ఒక తెల్ల గుడ్డ. మెడకు ఆనిచ్చి మాట్లాడే చిన్న మిషన్ ఒకటి ఇచ్చిర్రు. ఇంటికొచ్చినంక మామ దాన్ని పెట్టుకోని మొట్టమొదట పెండ్లాన్ని, అంటే మా అత్తమ్మను, పేరుపెట్టి పిలిచిండట. ఆ గరగర శబ్దానికి వంటింట్లున్న అత్తమ్మ ఉలిక్కిపడి చేతుల గంటె జారిడిసింది. ఆమె కావాల్నని చేసింది కాదు. మామ మిషన్‌ను బీరువాల పెట్టి తలుపేసిండు. బండి మీద తాడిపత్రి కప్పిండు. అయినా నెలకొక్కపారి మ్యూజియంకు వచ్చి ఎనక గోడకు ఒరిగి కూసునేటోడు, అందరి మాటలు ఇని తలూపేటోడు. మాకు గదే మస్తు అనిపించేది.

అంతల బావకు ఒక ఆలోచన వచ్చింది. మామకు మర్యాద చేద్దామనే. అత్తమ్మను అడిగి మామ పండ్లు జోకే తరాజు తెప్పిచ్చి, చింతపండు పెట్టి తోమి, మేకు కొట్టి గోడకు తగిలిచ్చిండు. కింద ఒక చీటీ. ఈ తరాజుతోని మన గల్లీల ఒకాయన పండ్లు అమ్మేటోడు, ఆయన గొంతు జహనుమా అంత ఇనబడేది, అని రాసిండు. ఆ ఆదివారం మామ వచ్చిండు, చీటీ చదివిండు, మళ్ల చదివిండు. చెప్పులేసుకోని ఎల్లిపోయిండు. తెల్లారి నేను పోతే అత్తమ్మ బియ్యం ఏరుకుంట తల ఎత్తకుండనే అన్నది: "బతికున్న మనిషి ఫోటోకు దండ ఏసినట్టు చేసిండు బిడ్డా మీ బావ."

బావకు చెప్తే ఆయన మొఖం పాలిపోయింది. చీటీని అప్పుడే చింపేసిండు గని, తరాజు మాత్రం మామ చెప్పేదాక ముట్టనన్నడు. బుజ్జగియ్యనీకి పోతే మామ గోడ దిక్కు తిరిగి పండుకున్నడట. అప్పటిసంది మామ బయటికొచ్చుడు బందయింది. గుడికి లేదు, చాయ్ హోటల్‌కు లేదు, సుట్టాల ఇండ్లకు లేదు. ఎవరన్న ఇంటికొస్తే లోపటి అర్రలకు పోయేటోడు. తిండి సుత ఒక్కడే తినేటోడు. అత్తమ్మ ఎన్నడు ఫికర్ బయటపెట్టే మనిషి కాదు, గని ఆమె కండ్ల కింద నలుపు పెరుగుడు నేను చూస్తనే ఉన్న.

చలికాలంల ఒకనాడు ఖాలా ఒక సలహా ఇచ్చింది. ఒకప్పుడు మన గల్లీల ఎన్ని పిలుపులుండె, కలాయి పోసేటోని పిలుపు, దూదేకేటోని పిలుపు, గాజులామె పిలుపు, అవన్నీ యాదున్నోళ్లు వచ్చి పిలిచి చూపియ్యాలె, పోరగాండ్లు ఇనాలె అన్నది. బావ నా దిక్కు చూసిండు. ఇద్దరికీ ఒక్కటే ఆలోచన, ఆ దినం మామను ఎట్లనన్న తీసుకరావాలె అని. నేను పోయి అత్తమ్మతోని చెప్పిన. ఆమె అందరికీ సర్వపిండి తానే చేసి తెస్త అన్నది. ఆదివారం రాంగనే రెండు గంపలు నింపి, నాకు చెయ్యి లాగుతున్నది, ఒకటి నువ్వు పట్టుకో అని మామ ముంగట పెట్టిందట. నిజంగనే లాగిందా అని నేను ఇప్పటిదాక అడగలె. మామ గంప మోసుకొచ్చిండు గని లోపటికి రాలె. వరండాల చెప్పులిడిసే కాడ కూసున్నడు.

లోపట సర్వపిండి వాసన, చాయ్ పొగ, నవ్వులు. పాల తాత దూదేకేటోని విల్లు మోగే శబ్దం నోటితోని చేసిండు. తర్వాత మాటకు మాట వచ్చి మామ ముంజల పిలుపు కాడికొచ్చింది. బావ లేచి, అన్నీ రికార్డు చేస్త అని ఫోన్ ముంగట పట్టుకోని, బడిపిల్లగాడు పాఠం అప్పజెప్పినట్టు పిలిచిండు. ఖాలా నోటికి చున్నీ అడ్డం పెట్టుకోని నవ్వింది. గట్ల కానే కాదు, ఆయన ఉర్దూల పిలిచేది, ఆపా అని షురువు చేసేది అన్నది. పాల తాత ఒప్పుకోలె. ఉర్దూ ఏంది, సాఫ్ తెలుగుల పిలిచేటోడు, పెద్దయ్యా అని నన్నే పిలిచేటోడు అన్నడు. మధ్యల నేనూ దూరిన, ఆపా కాదు పెద్దయ్యా కాదు, అక్కో అని గద అనేది అన్న. ఇగ లొల్లి మొదలయింది. ముసలోళ్లు పడుచోళ్లు అందరు ఎవరికి యాదున్నది వాళ్లు పిలుస్తుర్రు, పక్కోనిది తప్పంటుర్రు. ఆ గడబిడల నేను వరండా దిక్కు చూసిన. మామ మోకాళ్ల మీద తల పెట్టుకున్నడు, భుజాలు ఊగుతున్నయి. మళ్ల తప్పు చేసినమనుకుంట దగ్గరికి పోయిన. తల ఎత్తిండు. కండ్లల్ల నీళ్లు. ఏడుస్తలేడు, నవ్వుతున్నడు. సప్పుడు లేని నవ్వు, కడుపు పట్టుకోని నవ్వుతున్నడు.

లేచి లోపటికొచ్చి చప్పట్లు కొట్టిండు. అందరు ఊకున్నరు. మామ అత్తమ్మ దిక్కు చెయ్యి చాపిండు. అత్తమ్మ నలుగుట్ల గొంతెత్తిన మనిషి కాదు, కొంగు తలమీదికి గుంజుకోని నావల్ల కాదన్నట్టు చూసింది. మామ చెయ్యి దించలె. ఆమె లేచి నిలబడి మెల్లగ అన్నది: "అందరు చెప్పింది నిజమే. ఆయన గడపకొక్క తీరు పిలిచేటోడు. పొద్దుగాల బండి నింపుకుంట ఇంట్లనే అన్నీ అనుకునేటోడు. తర్వాత నేను వాకిట్ల నిలబడి ఇనేదాన్ని. ఏ పిలుపు ఇనబడితే ఏ ఇంటి ముంగటున్నడో తెల్వాలె గద, బువ్వ ఎసరు పెట్టనీకి."

మామ ఖాలాను చూపిచ్చిండు. అత్తమ్మ కండ్లు మూసుకోని పిలిచింది. "ముంజల్ ఆయే ఆపా… నరమ్ నరమ్ ముంజల్…" ఆమె గొంతుల అంత బలమున్నదని మాకెవ్వరికీ తెల్వదు. మామ అరచెయ్యి పైకెత్తితే రాగం సాగుతున్నది, వేళ్లు మూస్తే తెగుతున్నది. తర్వాత పాల తాతను చూపిచ్చిండు. "పెద్దయ్యా… లేత ముంజలే… కోడండ్లను పంపుండ్రీ…" పాల తాత తన కోడండ్ల దిక్కు తిరిగి చూసిండు, చెప్పిన గదా అన్నట్టు. ఆఖరికి మామ వేలు నా దిక్కు తిరిగింది. "అక్కో… ముంజలొచ్చినయ్… గిన్నె తే అక్కో…" మా అమ్మ పోయి ఏండ్లయింది. నాకు తెల్వకుండనే నేను నిలబడ్డ. ఏం చెయ్యాల్నో తెల్వక ఖాలా చెయ్యి పట్టుకున్న. ఆమె నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

అందరం తేరుకున్నంక బావ ఫోన్ చూసుకోని తల పట్టుకున్నడు. రికార్డు బటన్ ఒత్తనే లేదు. మామ మళ్ల కడుపు పట్టుకున్నడు. అత్తమ్మ ఇంకోపారి రాదని మొండికేసింది గని ఒక కప్పు చాయ్ తాగినంక అన్నీ మళ్ల పిలిచింది, రెండోసారి ఇంకా మంచిగొచ్చింది. మామ గోడ కాడికి పోయిండు. మేకు మీదికెళ్లి తరాజు తీసి, భుజం మీది తువాలతోని తుడిచి, బావ దిక్కు చూసిండు.

"తీస్కపో మామా, నీదే గద," అన్నడు బావ.

ఎండలు ముదురంగనే బండి మీది తాడిపత్రి లేచింది. మామ తోస్తడు, అత్తమ్మ పక్కపొంటి నడుసుకుంట పిలుస్తది. మొదటి దినం సిగ్గుకు ఆమె గొంతు మూలమలుపు కాడనే ఆగిపోయిందట. పిలవక ముందే ఖాలా తలుపు తీసుకోని నిలబడ్డది. ఇంకో వింత ఏందంటే బీరువాల మిషన్ బయటికొచ్చింది, ఇంట్ల మాట్లాడనీకి కాదు, పొద్దుగాల మండీల బేరమాడనీకి. ఆ గరగర గొంతుతోని మామ ఒక్క మాటంటే దలాల్ మారు మాట్లాడుతలేడట. అత్తమ్మ ఈ సంగతి చెప్పుకుంట మస్తు మురిసిపోతది. మ్యూజియంల ఖాళీ మేకు కింద బావ కొత్త చీటీ రాసిండు, తరాజు పనికి పోయింది అని. వచ్చినోళ్లు దాని ముంగటనే ఎక్కువ సేపు నిలబడుతరు. ఆదివారాలు మామ ఇప్పుడు ఎనక గోడకు కూసోడు. ముంగట నిలబడి, చెయ్యి ఎత్తుకుంట దించుకుంట పోరగాండ్లకు పిలుపులు నేర్పుతడు.

మా పాత ఇల్లు పోయి అక్కడ నాలుగంతస్తుల బిల్డింగు లేచింది. మొన్న అత్తమ్మను అడిగిన, అక్కడికి పోయినప్పుడు ఏమని పిలుస్తున్నవని. వాచ్‌మన్ పెండ్లాం ఉన్నది, నెలల మనిషి, మనుషులను ఎరుగని ఊరికొచ్చింది, ఆమెను బిడ్డా అని పిలుస్తున్న అన్నది. రాగం మీ మామ, నేను ఇద్దరం కలిసి కట్టినం అని సుత చెప్పింది. ఒక్క నిమిషం నా మనసుల ఏదో గుచ్చుకున్నది, మా అమ్మ జాగల ఇంకొకరా అని. తర్వాత ఆ పిల్ల పిలుపు ఇని గిన్నె పట్టుకోని గడపలకొచ్చుడు మనసుల ఊహించుకున్న, గుచ్చుకున్నది మెత్తబడ్డది. కాలం ఇండ్లను కూలగొడుతది, గొంతులను గుంజుకుంటది, గని గడపల ఎవరో ఒకరిని నిలబెట్టకుండ మాత్రం అది ముందటికి పోదు.